బ్యాండ్‌క్యాంప్: నన్ను కట్టిపడేసింది కొన్నవాళ్ల వరుస

బ్యాండ్‌క్యాంప్ అంటే ఆర్టిస్టులు తమ పాటల్ని నేరుగా వినేవాళ్లకి అమ్ముకునే వెబ్‌సైట్. అందులో ఆర్టిస్టుకి ఎంత వెళ్తుందో ఇండీ పాప్ (పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న లేబుళ్ల మీద వచ్చే పాప్) పిచ్చి ఉన్నవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి వాడుతున్నాను, రాయాలనిపించింది మాత్రం ఒక్కదాని గురించే. ఆల్బమ్ పేజీలో ఆ ఆల్బమ్ కొన్నవాళ్ల బొమ్మలు చిన్న చిన్నవి వరుసగా కనిపిస్తాయి కదా, అదీ సంగతి. ఒకదాన్ని నొక్కితే ఆ మనిషి కొన్నవన్నీ మన ముందుంటాయి. కొందరు నచ్చిన పాట ఏదో చెప్పి ఒక ముక్క రాస్తారు కూడా. పరిచయం లేనివాళ్ల అల్మారా తలుపు తీసి చూడనిచ్చినట్టు ఉంటుంది, సిగ్గుపడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే వాళ్లే తీసి పెట్టారు.

దీనికింత మురిసిపోవడం ఎందుకంటే, అంతకుముందు నేను పూర్తిగా ఒక స్ట్రీమింగ్ యాప్ మీదే ఆధారపడ్డాను. గలగలలాడే గిటార్ ఉన్న పాటలు నాలుగు విన్న పాపానికి అది నన్ను మెల్లమెల్లగా మెత్తటి గొంతుల వైపు, అక్కణ్ణించి నిద్రపుచ్చే పాటల వైపు లాక్కెళ్లింది. అన్నీ బాగున్నట్టే ఉండేవి, ఒక్క బ్యాండ్ పేరూ గుర్తుండేది కాదు. 1986లో ఎన్‌ఎమ్‌ఈ అనే బ్రిటిష్ సంగీత పత్రిక 22 బ్యాండ్లతో వేసిన సీ86 క్యాసెట్‌ని ఇండీ పాప్‌కి మొదటి మెట్టులా చెప్పుకుంటారు గానీ, విని చూడండి, ద పాస్టెల్స్ ఉన్న చోటే బాగ్‌షెడ్, స్టంప్ లాంటి గరుకు గరుకు బ్యాండ్లూ ఉంటాయి. ఏ మెషీనూ వాటిని ఒక చోట చేర్చదు. మనుషులు ఏరితే అలా అతకని సరుకు కొంత వస్తుంది, నాకు కావలసింది అదే.

అసలు ఆనందం ఎక్కడ దొరికిందో చెప్తాను. న్యూజిలాండ్‌లోని డునీడిన్ బ్యాండ్ల గురించి నాకు బాగానే తెలుసనుకునేవాణ్ణి. ద క్లీన్, ద చిల్స్ అరిగిపోయేలా విన్నాను, వాళ్ల రికార్డులు వేసిన ఫ్లయింగ్ నన్ లేబుల్ పేరు కనబడితే చాలు, ఆగి చూస్తాను. ఒకరోజు వేరే ఏదో కొత్త బ్యాండ్ ఆల్బమ్ కింద ఎవరో ఒకాయన రాసిన ముక్క నచ్చి (గిటార్ గురించి ఒక్క మాట లేదు, డ్రమ్స్ ఎంత తక్కువగా వాయించారో రాశాడు) ఆయన కొన్నవి చూస్తూ పోతే లుక్ బ్లూ గో పర్పుల్ కనిపించింది. ఐదుగురు ఆడవాళ్లు, అదే డునీడిన్, అదే ఫ్లయింగ్ నన్, 1980ల్లో మూడు ఈపీలు (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డులు) చేసి ఆపేశారు. ఇన్నేళ్లు ఆ ఊరి పాటలు వింటూ ఈ పేరు నా చెవిన పడకపోవడం ఏమిటో! గిటార్ల మధ్య నుంచి ఫ్లూట్ వస్తుంది, కీబోర్డు వస్తుంది, ఒకరికి మించిన గొంతులు కలిసి పాడతాయి, ఎవరూ ఎవరి మీదా పైచేయి కోసం పాకులాడరు. ఆ రాత్రి పని పక్కన పెట్టి మూడు ఈపీలూ వరుసగా విన్నాను, తర్వాత వారమంతా ఇంకేదీ పెట్టుకోలేదు. యాప్ కూడా ఎప్పటికో ఒకప్పటికి చూపించేదేమో, కాదనను. కానీ నిద్రపాటల మధ్యలో ఒకటి వస్తే నేను ఆగి వినేవాణ్ణా అన్నది అనుమానమే.

అయితే ఈ వరుసలో ఎవర్ని నొక్కినా నిధి దొరుకుతుందని కాదు. వేలకొద్దీ ఆల్బమ్‌లు ఉన్నవాళ్ల పేజీ నాకు పెద్దగా పనికిరాలేదు. ఒక లేబుల్ మొత్తం కేటలాగ్‌ని తగ్గింపులో ఒకేసారి కొనేసినవాళ్ల ఇష్టం ఏమిటో అందులో తెలియదు. వందా నూట యాభై దగ్గర ఆగినవాళ్లు మంచి గురువులు. ఇంకో చిక్కేమిటంటే ఒకే మనిషి వెంట చాలాకాలం పోతే మన కలెక్షన్ కూడా ఆయనదిలాగే తయారవుతుంది. డ్రమ్స్ గురించి రాసిన ఆ పెద్దమనిషితో నాకు అదే జరిగింది, ఇప్పుడు ఆయన కొన్నవాటిలో సగం నా దగ్గర ముందే ఉంటున్నాయి.

మీకూ ఇది సరిపడుతుందా అంటే చెప్పలేను. నేను సాయంత్రాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినే రకం, వెతుక్కోవడానికి టైమ్ ఉంది, నెలకి రెండు మూడు కొంటే చాలు. బండి నడుపుతూ వినేవాళ్లకి, పదిమంది మధ్య పాటలు పెట్టాల్సినవాళ్లకి స్ట్రీమింగే సుఖం, నేనూ ప్రయాణాల్లో దాన్నే వాడుతున్నాను. పైగా 2022లో ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేమ్ కంపెనీకి, 2023లో సాంగ్‌ట్రేడర్ అనే మ్యూజిక్ లైసెన్సింగ్ కంపెనీకి బ్యాండ్‌క్యాంప్ వరుసగా చేతులు మారింది, రెండోసారి సగం మంది ఉద్యోగుల్ని తీసేశారు. కొన్నవాళ్ల వరుస ఇంతవరకూ అలాగే ఉంది, రేపు కొత్త యజమానికి ఏం తోస్తుందో ఎవరు చెప్పగలరు. అందుకే కొన్న ప్రతిదాన్నీ అదే రోజు ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గని ఆడియో ఫైల్‌గా) దింపుకుని రెండు చోట్ల పెట్టుకుంటున్నాను.