గోడపత్రిక, వాట్సాప్ గ్రూపు, తరగతి బ్లాగు: పిల్లల రాతకు ఏది మేలు?

విద్యార్థి రాసిన వ్యాసాన్ని ఉపాధ్యాయుడొక్కరే చదివి, ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి తిరిగి ఇచ్చేస్తే ఆ రాతకు అంతటితో ఆయుష్షు తీరిపోతుంది. ఆ రాతకు మరికొందరు పాఠకులను సమకూర్చాలన్న ఆలోచన అంతర్జాలంతో పుట్టినది కాదు. ఫ్రాన్సులోని బార్-సుర్-లూ గ్రామంలో సెలెస్తిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు 1924లోనే తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రాన్ని తెచ్చి, పిల్లల రాతలను వారి చేతనే అచ్చు వేయించి, ఇతర ప్రాంతాల బడులతో ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని నెలకొల్పాడు. ఇప్పుడు మన బడుల ముందు అంతకంటే చౌకైన మార్గాలు మూడు ఉన్నాయి: చార్టు మీద రాసి గోడకు పెట్టే గోడపత్రిక, వాట్సాప్ గ్రూపు, అంతర్జాలంలో తరగతి నడుపుకునే బ్లాగు.

వీటిలో వాట్సాప్ గ్రూపును ముందే పక్కన పెట్టవచ్చు. హోంవర్కు పంపడానికీ సెలవు తెలపడానికీ అది చాలు గానీ, జూన్‌లో ఒక విద్యార్థిని పంపిన కథ డిసెంబరులో వెతికితే శుభోదయాల అడుగున ఎక్కడో ఉంటుంది. పైగా సభ్యులందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనబడతాయి.

అసలు పోటీ గోడపత్రికకూ బ్లాగుకూ మధ్యనే. గోడపత్రికకు కరెంటు అక్కరలేదు, ఇంట్లో ఫోన్ లేని పిల్లలు కూడా దాన్ని చదవగలరు, చేతిరాత కుదురుకుంటుంది. కానీ ఉన్న కాస్త చోటూ ప్రతిసారీ దస్తూరి బాగున్న నలుగురైదుగురికే దక్కడం చాలా బడుల్లో కనిపించేదే. రెండో పేరా బలహీనంగా ఉందని చెబితే మొత్తం చార్టును తిరగరాయాలి కనుక పిల్లలు దిద్దుకోవడానికి ఇష్టపడరు. బ్లాగులో చిత్తుప్రతిని దాచుకొని, వాక్యాన్ని కిందికీ పైకీ జరిపి, ప్రచురించిన తరువాత కూడా సవరించవచ్చు. రాయడం నేర్చుకోవడమంటే చాలావరకు ఈ సవరణే.

మరొక లాభం పుస్తక సమీక్షలకు సంబంధించినది. మన బడుల్లో చదువు సాగుతుండగానే పిల్లల ప్రగతిని అంచనా వేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పుస్తక సమీక్ష ఒక భాగం. పై తరగతి వారి నోటుపుస్తకం నుంచి కింది తరగతి వారు దించుకోవడమూ తెలిసిందే. ప్రతి ఏటి సమీక్షలూ బ్లాగులో నిలిచి ఉంటే, అదే పుస్తకం చదివిన మరుసటి ఏటి విద్యార్థి పాత సమీక్షతో ఏకీభవిస్తాడో లేదో చెప్పవలసి వస్తుంది, దించుకుంటే ఇట్టే దొరికిపోతాడు.

అయితే బ్లాగుకు రెండు చిక్కులున్నాయి. ఆంగ్ల అక్షరాలతో టైపు చేస్తే ఫోనే తెలుగు పదాన్ని సూచిస్తుంది కనుక ళ-ల, ణ-న, శ-ష-స భేదాలను పిల్లలు తామై గుర్తుపెట్టుకోవలసిన పని తప్పిపోతుంది. రెండవది భద్రత. 2012లో స్కాట్లాండులో తొమ్మిదేళ్ల బాలిక తన బడి భోజనాల గురించి నడిపిన ‘నెవర్ సెకండ్స్’ బ్లాగు విపరీతంగా పేరు పొందింది. స్థానిక పాలకమండలి ఫొటోలు తీయవద్దని నిషేధించి, విమర్శలు వెల్లువెత్తడంతో వెనక్కి తగ్గింది. పిల్లల రాతకు అంత బలం రావడం సంతోషమే గానీ, అంతమంది చూపు ఒక్క పసిపిల్ల మీద పడడాన్ని ఏ బడీ తేలికగా తీసుకోరాదు. మన దేశంలోనూ 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారిని బాలలుగానే పరిగణించి, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది.

అందుచేత అక్షరదోషాలు ఇంకా తీరని ఏడో తరగతి వరకు గోడపత్రికే మేలు, ఎనిమిది నుంచి బ్లాగు మేలు అని నా అభిప్రాయం. అది కూడా పిల్లలకు వేర్వేరు ఖాతాలు లేకుండా, ఉపాధ్యాయుని ఖాతాలో తరగతికంతటికీ ఒకే బ్లాగుగా ఉండాలి. ఇంటిపేర్లూ ఫొటోలూ ఉండకూడదు, ప్రతి వ్యాఖ్యనూ ఉపాధ్యాయుడు చూసిన తరువాతే కనబడనివ్వాలి. ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు రెండే ఉన్నా ఇబ్బంది లేదు: ముందుగా నోటుపుస్తకంలో చేతితో రాసి, దిద్దుకొని, వంతులవారీగా టైపు చేస్తే మొదటి చిక్కు కూడా చాలావరకు తగ్గుతుంది.