కొబ్బరి పిండి: కేకుకు సరే, రొట్టెకు వద్దు

మా అమ్మాయికి సీలియాక్ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఒంటికి పడని జబ్బు) అని తేలిన దగ్గర్నుంచి మా ఇంట్లో గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ బంద్. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె తినే ఇంట్లో అదేమంత కష్టం కాదు. ఇంగువ ఒక్కటి చూసి కొనాలి, చాలా డబ్బాల్లో గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది. ఇబ్బందల్లా పుట్టినరోజు కేకు దగ్గర, సాయంత్రం బిస్కెట్ల దగ్గర. అందుకోసమే కొబ్బరి పిండి కొనడం మొదలుపెట్టాను, కొన్నేళ్లుగా వాడుతూనే ఉన్నాను. గుడ్డు తినే ఇంటివాళ్లయితే కొనుక్కోండి. తినని వాళ్లయితే ఆ డబ్బులు వేరే పిండి మీద పెట్టడం మేలు.

స్వీట్ల మీద చల్లే ఎండు కొబ్బరి పొడి వేరు, ఇది వేరు. కొబ్బరిలోంచి పాలో నూనో తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి మెత్తగా ఆడిస్తే వచ్చేది ఇది. ప్యాకెట్ వెనక చూస్తే 100 గ్రాములకు 35, 40 గ్రాముల దాకా పీచు కనిపిస్తుంది. దాని గుణమంతా, తలనొప్పంతా ఆ పీచులోనే ఉంది. ఎంత తడి పోసినా లాగేసుకుంటుంది. అందుకని కప్పు మైదా వేసే చోట ఇది పావు కప్పు వేస్తే చాలు, మహా అయితే మూడో వంతు. మైదా కేకు కొలతలు పట్టుకుని దీనితో చేయబోతే గొంతు దిగదు.

మా ఇంట్లో కుదిరిన కొలత చెప్తాను. 60 గ్రాముల పిండి, నాలుగు పెద్ద గుడ్లు, 60 గ్రాముల కరిగించిన వెన్న, 80 గ్రాముల బెల్లం పొడి, పావు కప్పు పాలు, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. పిండి జల్లించి తీరాలి, లేకపోతే కేకులో తెల్లటి ఉండలు పంటికి తగులుతాయి. అన్నీ కలిపిన వెంటనే చూస్తే దోసెల పిండికన్నా పల్చగా జారుతుంటుంది, ఇంకాస్త పిండి వేద్దామని చెయ్యి లాగుతుంది. వేయొద్దు. పది నిమిషాలు పక్కన పెట్టి గరిటె ఎత్తి చూడండి, జారకుండా ముద్దగా నిలబడుతుంది. అప్పటికీ మరీ గట్టిగా అనిపిస్తే రెండు చెంచాల పాలు పోయండి. 170 డిగ్రీల్లో అరగంట పైచిలుకు పడుతుంది. పైభాగం తొందరగా ఎర్రబడుతుంది కాబట్టి సగం అయ్యాక ఫాయిల్ కప్పుతాను. పూర్తిగా చల్లారేదాకా కోయకూడదు, వేడి మీద కోస్తే విరిగిపోతుంది.

రుచి అంటారా, కొబ్బరి వాసన దాగదు. మా అత్తయ్య మొదటి ముక్క తిని "కేకంటావేంటే, ఇది కొబ్బరి లౌజు కదా" అన్నారు, రెండో ముక్క కూడా తీసుకున్నారు. వనిల్లా వేసి ఆ వాసన చంపాలని చూడటం దండగ. యాలకులు, బెల్లం, కోకో దీనికి బాగా కుదురుతాయి.

గుడ్డు లేకుండా పెరుగు, ఇసబ్‌గోల్ పెట్టి చేసి చూశాను. అంచులు పర్లేదు, నడుమ మాత్రం బంక. గ్లూటెన్ లేని పిండిని పట్టి ఉంచేది గుడ్డే, అందులోనూ కొబ్బరి పిండికి మిగతా పిండులకన్నా ఎక్కువ గుడ్లు కావాలి. ఇక చపాతీ, పూరీ సంగతి ఎత్తకండి. వేడి నీళ్లతో కలిపి చేత్తో తట్టే జొన్నరొట్టె మనకు ఉండగా, అప్పడాల కర్ర కింద చిరిగిపోయే ఈ పిండితో అవస్థ ఎందుకు?

బిస్కెట్లకు ఇదొక్కటే వేస్తే మర్నాటికి మెత్తబడతాయి. మూడు వంతుల బియ్యప్పిండికి ఒక వంతు ఇది కలిపితే కరకర నిలుస్తుంది, కొబ్బరి రుచీ ఉంటుంది. నిజం చెప్పాలంటే కేకుకన్నా ఈ బిస్కెట్లకే మా ఇంట్లో గిరాకీ ఎక్కువ. రెండు మూడు మించి పెట్టను, అంత పీచు ఒక్కసారిగా పడితే పిల్లల పొట్ట ఉబ్బరిస్తుంది.

అమలాపురం నుంచి చుట్టాలు కొబ్బరికాయలు పంపినప్పుడు పాలు తీసి, పిప్పి ఎండబెట్టి మిక్సీలో ఆడిస్తాను. కొన్నదాని అంత మెత్తగా రాదు, నూనె కూడా ఎక్కువే ఉంటుంది. బిస్కెట్లకు భేషుగ్గా ఉంటుంది, కేకుకు పనికిరాదు. ఇంకా మెత్తగా కావాలని గిర్నీకి మాత్రం పట్టుకెళ్లకండి. అక్కడ అంతకుముందు పట్టిన గోధుమ పిండి రాళ్ల మధ్య ఉండనే ఉంటుంది, సీలియాక్ ఉన్నవాళ్లకు ఆ కాస్త చాలు. కొనేటప్పుడూ అంతే, కొబ్బరి కదా అని ఊరుకోకుండా ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉందో లేదో చూడాలి. అలా రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం.

ధర మైదాకన్నా చాలా రెట్లు. అయితే కేకుకు 60 గ్రాములే కాబట్టి అరకిలో ప్యాకెట్‌తో ఎనిమిది కేకులు వస్తాయి. చవకగా వస్తుందని కిలో ప్యాకెట్ జోలికి పోకండి. విప్పాక బయట ఉంచితే ఎండాకాలంలో పాత నూనె వాసన పట్టేస్తుంది, ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలో పెట్టాలి.