సాలీళ్ల కోసం నది ఒడ్డున రెండు రాత్రులు

గదిలో సాలెగూడు కనిపిస్తే ఆ గెస్ట్ హౌస్‌కు ఎవరైనా మార్కులు తగ్గిస్తారు. మేం నలుగురం రెండు రాత్రులు రెండు చోట్ల బస చేసి, గూళ్లు ఎక్కువున్న చోటికే ఎక్కువ మార్కులు వేసి వచ్చాం. నది ఒడ్డు పార్కులో సాలీళ్ల నమూనాలు సేకరించడం మా పని. దానికి తగ్గట్టే ఉంటాయి ఈ మార్కులు కూడా.

ముందు అనుమతి సంగతి. పార్కులో ఏ జీవినైనా పట్టుకెళ్లాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి కాబట్టి అది ముందే తీసుకున్నాం. కాగితంలో చోటు, తేదీలు, ఎన్ని తీసుకోవచ్చు అన్నీ ఉన్నాయి, ‘రాత్రి’ అన్న మాట తప్ప. మొదటి రోజు చీకటి పడేవేళ గేటు దగ్గర ఆ సంగతి బయటపడింది. సాలీళ్లలో చాలావాటికి డ్యూటీ మొదలయ్యేదే అప్పుడు. గేటు మనిషిని తప్పుపట్టలేం, కాగితం చదువుకోనిది మేమే.

దాంతో మొదటి రాత్రి పార్కు బయటి గెస్ట్ హౌస్‌లో గడిచిపోయింది. తెల్లటి దుప్పట్లు, వేడినీళ్లు, పిలిస్తే మనిషి పలికే సర్వీసు. కుటుంబంతో వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని బుక్ చేసుకోవచ్చు. మాకు మాత్రం ఎందుకూ పనికిరాలేదు. పచ్చిక పొట్టిగా కత్తిరించేస్తారు, ఆకు రాలితే ఊడ్చేస్తారు, మూలమూలా పురుగుల మందు కొడతారు. వాళ్లనడిగి తోటంతా గాలిస్తే దొరికినవి మూడే, అందులో రెండు పిల్లలు. గదిలో బల్ల కూడా లేదు. మంచం మీద సీసాలు పరుచుకుని, నమూనాలు పాడవకుండా ఉంచే ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) పోస్తుంటే వాసనకు మేనేజర్ వచ్చి తలుపు కొట్టారు. ఇది తాగేది కాదని నమ్మించడానికి పావుగంట పట్టింది, చివరికి నమ్మారో లేదో కూడా అనుమానమే.

తెల్లారి కాగితంలో ‘రాత్రి’ చేర్పించుకుని పార్కు లోపలి డార్మిటరీకి మారాం. పాత బిల్డింగు, ఒకటే ప్లగ్ పాయింటు, కుళాయి నీళ్లు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పరుపుల గురించి మాట్లాడకపోవడం మంచిది. అయితే వరండాలో పొడుగాటి సిమెంటు బల్ల ఉంది, దాని మీద ట్యూబ్‌లైటు ఉంది. ఆ లైటుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీళ్లొస్తాయి. దూలం నుంచి స్తంభానికి వరసగా గూళ్లు. వాచ్‌మన్ వాటిని చూసి నొచ్చుకున్నారు. “మీరొస్తారని తెలిస్తే పొద్దున్నే దులిపించేవాణ్ణి సార్” అన్నారు. చీపురు తెప్పించబోతుంటే నలుగురం ఒకేసారి అడ్డం పడ్డాం.

ఇక పార్కులో ఏ చోటు ఎలా ఉందంటే, వాకింగ్ ట్రాక్ పక్క పూలమొక్కలు దండగ. చెట్ల కింద ఆకులు పేరుకున్న చోటు బాగుంది. గుప్పెడు గుప్పెడుగా జల్లెడలో వేసి తెల్లగుడ్డ మీదకు జల్లిస్తే ఆవగింజంత సాలీళ్లు కదులుతూ కనిపిస్తాయి. పొదలకైతే మా దగ్గరున్న తెల్ల గొడుగు చాలు. తిరగేసి కొమ్మ కింద పట్టుకుని, కర్రతో కొమ్మను నాలుగు దెబ్బలు కొడితే పైనున్నవన్నీ గొడుగులో పడతాయి. గెంతే సాలీళ్లు మాత్రం మనం సీసా మూత తీసేలోపే గొడుగు దాటేస్తాయి. వాటికి నోటితో గాలి పీల్చే గొట్టమే దిక్కు. మధ్యలో సన్నగుడ్డ అడ్డం ఉంటుంది లెండి, నోట్లోకి రావు.

నీటి అంచున రెల్లు అసలైన చోటు. అక్కడ టెట్రాగ్నాతా అనే రకం సాలీళ్లు ఉంటాయి. పొడవాటి దవడలు, సన్నటి ఒళ్లు. బెదిరితే ముందుకాళ్లు ముందుకీ వెనక్కాళ్లు వెనక్కీ చాపి గడ్డిపరకకు అతుక్కుపోతాయి, ఎదురుగా ఉన్నా కనబడవు. ఒడ్డు నుంచి అందవు కాబట్టి పడవ మాట్లాడుకున్నాం. ఈ ట్రిప్పులో మేం పొందిన సేవల్లో మొదటి ర్యాంకు పడవాయనకే. తెడ్డు చప్పుడు కాకుండా రెల్లు పక్కన పడవ నిలిపేవారు. గూళ్ల మీద నీళ్లు తుంపరగా కొడితే దారాలు మెరుస్తాయని ఒక్కసారి చూపించామంతే, తర్వాత ఆయనే మాకంటే ముందు గూళ్లు చూపించడం మొదలెట్టారు.

రాత్రి గులకరాళ్ల ఒడ్డుకు వెళ్లాం. తోడేలు సాలీళ్లలో చాలావరకు గూడు కట్టి కూర్చోవు, నేల మీద తిరిగి వేటాడతాయి. వాటి కళ్ల వెనకున్న పొర వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. అందుకే టార్చి చేతిలో ఉంటే లాభం లేదు, నుదుటికి కట్టుకోవాలి. కట్టుకుని చూస్తే ఒడ్డంతా నీలం, ఆకుపచ్చ కలిసిన చుక్కలు. మొదట మంచుబిందువులనుకున్నాం. తల కదిపితే మంచుచుక్క మిణుకుమంటుంది, కళ్లు మాత్రం నిలకడగా వెలుగుతాయి. ఒకచోట పెద్ద చుక్కల చుట్టూ నలకల్లాంటి మెరుపులు కనిపిస్తే వంగి చూశాం. తల్లి వీపు మీద పదుల కొద్దీ పిల్లలు. దాన్ని పట్టుకోలేదు. అనుమతిలో ఉందా లేదా అన్న ప్రశ్నే రాలేదు, ఎవరికీ చేయి రాలేదంతే.

మా పొరపాట్లూ ఉన్నాయి. మాలో ఒకరు ఖాళీ సీసాలు పొదుపు చేద్దామని రెండు సాలీళ్లను ఒకే దాంట్లో వేశారు. వరండాకు చేరేసరికి ఒకటే ఉంది, అది కాస్త లావెక్కి ఉంది. ఇంకొకరు చీటీలు జెల్ పెన్నుతో రాశారు. ఆల్కహాల్‌లో సిరా కరిగి నాలుగు సీసాలు నీలమయ్యాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో తెలియని సాలీడు పరిశోధనకు పనికిరాదు. పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వేయాలని తెలియక కాదు, పెన్సిల్ వెతుక్కునే ఓపిక లేక.

పట్టిన సాలీళ్లను వరండా బల్ల దగ్గర అర్ధరాత్రి దాటేదాకా వేరు చేశాం. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన సాలీడు జాతులే 50,000 దాటాయి. చాలావాటిని కచ్చితంగా పోల్చుకోవాలంటే ఎదిగినవే కావాలి, జననాంగాలను మైక్రోస్కోపు కింద చూడాలి. ఎదిగిన మగవాటికి మూతి పక్కన చేతుల్లాంటి రెండు అవయవాల కొసలు బాక్సింగ్ గ్లవ్స్‌లా ఉబ్బి ఉంటాయి, జతకట్టేటప్పుడు వాడేవి అవే. పిల్లల్ని అదే రాత్రి ఒడ్డుకు తీసుకెళ్లి వదిలేశాం. ఉంచుకున్నవి 43 సీసాలు. చచ్చిన సాలీడు కాళ్లెందుకు ముడుచుకుంటుందని వాచ్‌మన్ అడిగారు. అది కాళ్లు చాపేది ఒంట్లోని ద్రవం ఒత్తిడితో, ప్రాణం పోతే ఆ ఒత్తిడీ పోతుందని చెబితే, ఆయన కుర్చీ లాక్కుని మాతోపాటే కూర్చున్నారు.

మొదటి రోజు మధ్యాహ్నమే ఒడ్డున 12 ప్లాస్టిక్ కప్పులు అంచు నేలకు సమంగా పాతిపెట్టాం, నడుస్తూ వచ్చే సాలీళ్లు పడతాయని. నీటికి మరీ దగ్గరగా పెట్టొద్దని పడవాయన అన్నా వినలేదు. ఆ రాత్రే నీటిమట్టం పెరిగి అయిదు మునిగిపోయాయి. వచ్చేసే రోజు కప్పులన్నీ తవ్వి తీసి గుంతలు పూడ్చాం. లెక్కపెడితే 11 ఉన్నాయి. పార్కులో ప్లాస్టిక్ వదిలి వెళ్లడం ఇష్టం లేక గంటసేపు వెతికాం, దొరకలేదు. సామాను ఎక్కించుకుంటుంటే పడవాయన వచ్చారు, రెల్లులో ఇరుక్కుంటే తీశానంటూ పన్నెండో కప్పు చేతికిచ్చారు.