2,14,000 కిలోమీటర్ల ఆక్టేవియా ఆర్‌ఎస్: పన్నెండేళ్లలో నాలుగు ఆయిళ్లు

నా దగ్గరున్నది 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, సిలిండర్‌కి ఐదు చొప్పున మొత్తం 20 వాల్వులు. యూరప్‌లో 180 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత)తో అమ్మిన కారు మనకి 150 పీఎస్‌తో వచ్చింది. అయినా ఇప్పటికీ మూడో గేరులో గట్టిగా తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. 2013లో 88,000 కిలోమీటర్ల దగ్గర కొన్నాను. ఇవాళ మీటరు 2,14,300 చూపిస్తోంది, ఇంజన్ ఇంతవరకూ బోరుకి, అంటే సిలిండర్లు అరిగి మళ్లీ చెక్కించే స్థితికి, రాలేదు. ఈ పన్నెండేళ్లలో నాలుగు రకాల ఆయిళ్లు పోశాను. అందులో ఒకటి ఇంజన్‌ని చంపేసేదే.

కొన్న ఏడాదికి ఆయిల్ తగ్గడం మొదలైంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి డిప్‌స్టిక్ మీద మట్టం బాగా కిందికి దిగిపోయేది. నాకు తెలిసిన మెకానిక్, చేయి బాగా తిరిగిన మనిషి, బానెట్ ఎత్తి చూసి, “సార్, బండి లక్ష దాటింది. పల్చటి ఆయిల్ ఇంక నిలవదు. 20డబ్ల్యూ-50 పోద్దాం, సౌండ్ కూడా తగ్గుద్ది” అన్నాడు. మా నాన్నగారు అంబాసిడర్‌కి జీవితమంతా అదే పోశారు కాబట్టి ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఈ అంకెల్లో మొదటిది చల్లగా ఉన్నప్పటి చిక్కదనం, రెండోది వేడిలో చిక్కదనం. అది మినరల్ ఆయిల్, అంటే ముడి చమురుని శుద్ధి చేసి తీసిన మామూలు రకం. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. రెండేళ్లు, సుమారు 30,000 కిలోమీటర్లు అదే వాడాను. సౌండ్ తగ్గిన మాట నిజమే. కానీ పొద్దున స్టార్ట్ చేయగానే నాలుగైదు సెకన్లు ట్యాపెట్లు (వాల్వులని నొక్కి తెరిచే భాగాలు) టకటకలాడేవి. ఈ ఇంజన్‌లో ట్యాపెట్లు ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేవి. చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కేలోపు అవి ఖాళీగా కొట్టుకుంటున్నాయని అప్పుడు నాకు తట్టలేదు.

2016 మే నెలలో విజయవాడ నుంచి వస్తున్నాను. పంతంగి టోల్ గేటు దగ్గర క్యూలో ఆగానో లేదో, ఎర్ర ఆయిల్ దీపం వెలిగి బజర్ మోగింది. వెంటనే ఇంజన్ ఆపేశాను. పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది! ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అక్కడినుంచి టోయింగ్ బండి మీదే హైదరాబాద్ చేరాను.

మర్నాడు ఛాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, విప్పుతుంటే పక్కనే నిలబడ్డాను. పంపు ఆయిల్ పీల్చుకునే స్ట్రైనర్‌కి జాలీ ఉంటుంది. ఆ కన్నాలు ఒక్కటీ కనబడటం లేదు. వెన్న కాచాక గిన్నె అడుగున మాడిపోయిన గసి ఎలా ఉంటుందో అచ్చం అలా, నల్లగా, మందంగా పట్టేసింది. వేలితో నలిపితే ఇసుకలా గరగరలాడింది. దాని మధ్య గోధుమరంగు ప్లాస్టిక్ తునకలు, గోళ్లు కత్తిరించినప్పుడు రాలే ముక్కల్లా ఉన్నాయి. ఇంజన్ పైభాగంలో వాల్వులని నడిపే రెండు క్యామ్‌షాఫ్ట్‌లని కలిపే చిన్న చైన్ ఉంటుంది. అవి ఆ చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ ప్యాడ్ నుంచి అరిగి రాలినవి. ఇంజన్ నిండా ఆయిల్ ఉన్నా పంపుకి అందేది కొంచెమే. బేరింగులు పాడుకాకుండా బయటపడ్డాం అంటే ఆ దీపం వెలిగిన క్షణంలో ఇంజన్ ఆపడం వల్లనే.

అసలు జరిగిందేమిటంటే, ఇంజన్ పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి ఎక్కించే టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. దాన్ని మోసేదీ, దాని వేడిని మోసుకుపోయేదీ ఈ ఆయిలే. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు కూడా వేడి పొగ బయటికి వెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనుంచే వస్తుంది. ఆ వేడికి మామూలు మినరల్ ఆయిల్ మాడి గసి కడుతుంది. నాదొక్కటే కాదు. అమెరికాలో ఇదే కుటుంబం ఇంజన్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్, ఆడి ఏ4 కార్లలో గసి సమస్య ముదిరి, 2004లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ వారంటీని 8 ఏళ్లకి పెంచింది. వాటిలో ఇంజన్ పొడవుగా కూర్చుంటుంది, ఆయిల్ పట్టేది తక్కువ. ఆక్టేవియాలో అడ్డంగా ఉంటుంది, ఫిల్టర్‌తో కలిపి 4.5 లీటర్ల దాకా పడుతుంది. కాబట్టి మనం కాస్త నయం. కానీ 20డబ్ల్యూ-50 మినరల్ పోస్తే ఆ వెసులుబాటు కూడా పోతుంది.

స్ట్రైనర్, టెన్షనర్ మార్చాక ఇక ఎవరి మాటా వినకుండా ఓనర్ మాన్యువల్ తీసి కూర్చున్నాను. అందులో ఉన్నది వీడబ్ల్యూ 502 00 అనే ప్రమాణం. వీడబ్ల్యూ అంటే స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్. ఆయిల్ కొనేటప్పుడు నేను ఇప్పుడు మొదట చూసేది డబ్బా వెనక ఈ నంబరే. ముందువైపు ఉండే రేసు కారు బొమ్మలు ఇంజన్‌కి ఏ ఉపకారమూ చేయవు. ఈ నంబరుతో పాటు ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఏ3/బీ4 అని కూడా రాసి ఉంటుంది. దాని అర్థం, 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేటప్పుడు కూడా ఆయిల్ చిక్కదనం 3.5 మిల్లీపాస్కల్-సెకన్ల కంటే కిందికి పడదని. పాత టర్బోకి నిజంగా కావలసింది ఆ వేడిలో నిలిచే చిక్కదనం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జిగటగా ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకొక సంగతి: ‘వీడబ్ల్యూ 502 00 అప్రూవల్’ అని ఉండటం వేరు, ‘502 00 కార్లకి అనుకూలం’ అని ఉండటం వేరు. మొదటిది కారు కంపెనీ ఒప్పుకున్నది. రెండోది ఆయిల్ అమ్మేవాళ్లు తమంతట తాము అనుకున్నది. నేను మొదటిదే కొంటాను.

అప్పుడే డ్యాష్‌బోర్డ్ కింద ఆయిల్ ప్రెషర్ మీటర్ కూడా పెట్టించాను. ఈ సమీక్షలో గట్టిగా చెప్పగలిగే మాటలన్నీ దాని పుణ్యమే. ఒకసారి మైలేజీ పెరుగుతుందని 5డబ్ల్యూ-30, పల్చటి రకం పోశాను. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు, మే ఎండలో, ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజన్ మాత్రం తిరిగేటప్పుడు) ముల్లు 0.9 బార్ దగ్గర వణికేది. 3,000 కిలోమీటర్లకి లీటరు తాగేసింది కూడా. ఆ తాగడానికి పూర్తిగా ఆయిల్‌నే తప్పుపట్టలేను. తర్వాత విప్పి చూస్తే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది అర) నుంచి ఆవిర్లని బయటికి పంపే బ్రీదర్ గొట్టాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి, వాల్వ్ కవర్ గాస్కెట్ చెమ్మగిల్లుతోంది. రెండూ మార్చాక అదే 5డబ్ల్యూ-30తో వాడకం సగానికి తగ్గింది. అంటే 2014లో ఆ మెకానిక్ చిక్కటి ఆయిల్‌తో కట్టాలనుకున్నది పగిలిన రబ్బరు గొట్టాన్ని. పాత బండి ఆయిల్ తాగుతుంటే ముందు ఇవి చూపించుకోండి, డబ్బా మార్చడం తర్వాత. అయితే గొట్టాలు మారినా ప్రెషర్ మాత్రం 0.9 దగ్గరే ఉండిపోయింది. అందుకే ఆ రకం వదిలేశాను.

2017 నుంచి 5డబ్ల్యూ-40 పూర్తి సింథటిక్ (మినరల్ కంటే వేడికి బాగా నిలిచే, రసాయనికంగా తయారుచేసిన రకం) తప్ప వేరేది పోయలేదు. మొదట మూడేళ్లు షెల్ హెలిక్స్ అల్ట్రా, తర్వాత మోటుల్ 8100 ఎక్స్-సెస్. రెండిటికీ 502 00 ఉంది. అదే సూర్యాపేటలో, అదే ఎండలో 1.3 బార్ నిలకడగా చూపిస్తుంది. ట్యాపెట్ల టకటక ఒక సెకనుకే ఆగిపోతోంది. అందులో ఫిల్టర్ పాత్ర కూడా ఉంది. చవక ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వ్ సరిగా ఉండదు. మాన్ అనే కంపెనీ ఫిల్టర్ వేయించాక తేడా చెవికే తెలిసింది. ఈ రెండు ఆయిళ్ల మధ్య తేడా చెప్పమంటే, మోటుల్‌తో ఐడిలింగ్ కాస్త మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది. మీటరు మీద మాత్రం ఏ తేడా లేదు. ఏది తాజాగా, నమ్మకమైన చోట దొరికితే అది కొనండి.

నమ్మకమైన చోట అని ఊరికే అనలేదు. 2019లో ఒక షాపులో రేటు బాగా తక్కువని ఒక డబ్బా కొన్నాను. మూత కింద సీలు అంచు ఒకవైపు లేచి ఉంది, డబ్బా మీద బ్యాచ్ నంబరు గోటితో గీస్తే చెరిగిపోయింది. కారులో పోయకుండానే పారబోశాను. అప్పటినుంచి కంపెనీ డీలర్ దగ్గరే, బిల్లుతో కొంటున్నాను.

మార్చే గడువు విషయంలో నాకు రాజీ లేదు. మొదటి ఓనర్ బిల్లుల్లో 15,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చినట్టుంది. నేను 5,000కే మారుస్తాను, తిరిగినా తిరక్కపోయినా ఏడాది దాటనివ్వను. ఊళ్లో ఐదు కిలోమీటర్ల తిరుగుళ్లలో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. పెట్రోలూ చెమ్మా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. హైవే మీద గట్టిగా తోలి వచ్చాక, టర్బో కాస్త చల్లారాలని, ఇంజన్ వెంటనే ఆపను. చివరి రెండు కిలోమీటర్లు నిదానంగా నడిపి, ఇంటి ముందు ఒక నిమిషం అలాగే ఉంచుతాను. మా అమ్మాయికి బండి నేర్పినప్పుడు క్లచ్ కంటే ముందు ఇదే చెప్పాను.

డాలస్‌లో ఉండే మా బావ అక్కడ ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండ్ల కోసం దొరికే హై మైలేజ్ రకాలు, వాల్వోలిన్ మ్యాక్స్‌లైఫ్ లాంటివి, తెస్తానంటాడు. వాటిలో గట్టిపడిన సీళ్లని మెత్తబరిచే మందులు ఉంటాయి. నాకు లీకులు లేవు కాబట్టి వద్దన్నాను.

ఇప్పుడు 5,000 కిలోమీటర్లకి తగ్గుతున్నది 600 మిల్లీలీటర్లు. రెండు లక్షలు దాటిన టర్బోకి ఇది నాకు సంతోషమే. కిందటేడాది 2,05,000 దగ్గర ముందుజాగ్రత్తగా మళ్లీ ఛాంబర్ దింపించాను. స్ట్రైనర్ జాలీని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ప్రతి కన్నంలోంచీ ట్యూబ్‌లైటు కనబడింది. మెకానిక్ దాన్ని గుడ్డతో ఒకసారి తుడిచి, అలాగే తిరిగి బిగించేశాడు.