కొమ్ము బాయిలర్: మా దొడ్లో మూడో చలికాలం

మాది కొండపి పక్కన పల్లెటూరు. మా వైపు మంచు కురిసే చలి ఉండదు. కానీ కార్తీకం వెళ్లాక తుపాను పట్టి, ముసురు మూడు రోజులు వదలకుండా ఉంటే గోడలు చెమ్మెక్కుతాయి, దుప్పటి కప్పుకున్నా తడిగుడ్డ కప్పుకున్నట్టే ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఎనభై దాటిన ముసలాయన, పచ్చి బాలింత ఉంటే ఆ చలి మామూలుది కాదు. గీజరు ఉంది కదా అంటారు. ఆ ముసురులో ముందుగా పోయేది కరెంటే.

కట్టెలతో నీళ్లు కాగే రాగి బాయిలర్లు రెండు రకాలు వాడాను. మొదటిది ట్యాపుది, నెల తిరక్కుండానే పోయింది. రెండోది కొమ్ముది, దానికి ఇది మూడో చలికాలం, ఇంతవరకూ ఒక్క చుక్క కారలేదు. కొనేవాళ్లు ఆ తేడా తెలుసుకుని కొనుక్కుంటారని రాస్తున్నాను.

2023 నవంబరులో మా అమ్మాయి పురిటికి వచ్చింది. బాలింతకు రెండు పూటలా వేడివేడిగా నీళ్లు పోయాల్సిందేనని మా అత్తయ్య పట్టుబట్టింది. ఉన్న గీజరు పదిహేను లీటర్లది, అమ్మాయికి పోసేసరికే అయిపోయేది. ఒంగోలు వెళ్లి ఒక కొట్లో రాగి బాయిలర్ తెచ్చాం. ముప్పై ఐదు లీటర్లు, తూకం ఏడున్నర కిలోలు, కింద ఇత్తడి ట్యాపు. చూడటానికి తళతళలాడుతూ ముచ్చటగా ఉంది. ట్యాపు తిప్పితే చాలు, వేడినీళ్లు.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు రాత్రే మాకు కరెంటు పోయింది. మోటారు ఆడదు, ట్యాంకులో నీళ్లు లేవు. మా అబ్బాయి బాయిలర్ కింద మంట మండుతుండగానే ట్యాపు తిప్పి రెండు బకెట్లు పట్టేశాడు. తీసిన నీళ్లకు బదులు మళ్లీ పోయాలని వాడికి తెలియదు. లోపల నీళ్లు దిగిపోయాయి. టప్పుమని చప్పుడు, బుస్సుమని ఆవిరి, పొయ్యి నిండా నీళ్లు, బూడిద. తెల్లారి చూస్తే మధ్యలో మంట పైకి పోయే గొట్టానికీ పైమూతకీ ఉన్న అతుకు జానెడు మేర విడిపోయి ఉంది.

ఆ పూట అమ్మాయికి నీళ్లు, పొగాకు సెగ పెట్టి ఎండబెట్టే బ్యారన్ దగ్గర కాచాను. మా పొగాకు అప్పటికి ఇంకా చేలోనే ఉంది, బ్యారన్ ఖాళీ. పోయిన సీజనులో మిగిలిన సుబాబుల్ కట్టె పాకలో వాన తగలకుండా ఉంది. మూడు రాళ్లు పెట్టి అండా ఎక్కించి, వావిలాకు వేసి కాచాను. మా ఆయన తల మీద గోతం కప్పుకుని ఆ వానలో బకెట్లు మోశారు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "నీళ్లు చల్లారిపోతున్నాయి, త్వరగా రా నాయనా" అని కేకలు. ఆ రోజు ఇప్పటికీ మర్చిపోలేను.

ముసురు విడిచాక బాయిలర్ కొట్టుకు పట్టుకెళ్తే, "మీకు వాడటం రాలేదు" అన్నారు. మంట ఉండగా నీళ్లు తగ్గకూడదని అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. అతుకు వేసి ఇమ్మంటే కుదరదన్నారు, పాత రాగి కింద లెక్క కట్టి చేతిలో పెట్టారు. డబ్బు పోయినందుకు బాధపడ్డాను, కాదనను. అంతకంటే, ఆ రాత్రి పసిబిడ్డను ఎత్తుకుని ఎవరైనా ఆ పక్కనే నిలబడి ఉంటే ఏమయ్యేదన్నది నన్ను చాలా రోజులు పీకింది.

అతుకు ఎందుకు విడిందో చెప్పింది, ఒంగోలులోనే రాగి బిందెలకు మాట్లు వేసే ఒక పెద్దాయన. వేలితో అతుకు తడిమి చూసి, "ఇది సీసం టంకం అమ్మాయ్. నీళ్లు ఉన్నంతసేపూ దీనికి ఏమీ కాదు. నీళ్లు దిగిన చోట మంట తగిలితే జారిపోద్ది" అన్నాడు. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, టంకానికి రెండొందల డిగ్రీల అటూ ఇటూ చాలు. వెనక నీళ్లుంటే ఆ రేకు నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఆగిపోతుంది కాబట్టి అతుకు నిలుస్తుంది. అంటే బాయిలర్‌కు కాపలా కాసేది నీళ్లే. ఆయనే చెప్పాడు: "ట్యాపుది వద్దు, కొమ్ముది తీసుకో."

కొమ్ము బాయిలర్ అంటే పాతకాలపు రకమే. నిలువుగా పీపాలా ఉంటుంది. నడిమధ్య నుంచి మంట గొట్టం పైకి పోతుంది, చుట్టూ నీళ్లు. అడుగున జల్లెడ, దాని కింద బూడిద తట్ట. పైన ఒక పక్క గరాటు, దాని గొట్టం లోపల అడుగు దాకా దిగి ఉంటుంది. ఇంకో పక్క పైభాగంలోనే కొమ్ము, మన కొమ్ముచెంబుకు ఉన్నట్టే. ట్యాపు ఉండదు. గరాటులో చెంబుడు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి పోతాయి, పైన తేలిన వేడినీళ్లు చెంబుడు కొమ్ములోంచి బకెట్లోకి దూకుతాయి. చన్నీళ్లు పొయ్యకపోతే వేడినీళ్లు రావు. కాబట్టి ఎవరు వాడినా, ఎంత తొందరలో వాడినా, నీళ్లు పట్టినందువల్ల లోపల నీళ్లు తగ్గే ప్రశ్నే లేదు. మొదటిసారి ఆ పెద్దాయన నా చేత పోయించి చూపించినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత చిన్న ఉపాయం ఉంటే మాకు ఆ ట్యాపుది ఎందుకు అంటగట్టారా అనిపించింది.

మాది నలభై లీటర్లది. తూకం తొమ్మిదిన్నర కిలోలు, అప్పట్లో కిలో 1,200 చొప్పున 11,400 అయింది. రేకు మందం, అతుకులు ఇత్తడితో వేసినవి. ఖరీదు ఎక్కువే. కానీ తూకం తగ్గించి చౌకగా ఇస్తామంటే సన్నరేకు ఇస్తున్నారని అర్థం, మా ఏడున్నర కిలోలది అలాంటిదే.

ఇక కట్టె. బ్యారన్ ఉన్న ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, మంట సంగతి నాకు కొత్త కాదు. పొగాకు ఆకు పసుపు తిరిగేదాకా సన్న సెగ, ఆకు ఎండేటప్పుడు పెంచుతూ, చివర ఈనె ఎండటానికి పెద్ద సెగ. వంతులేసుకుని రాత్రిళ్లు కూర్చుంటాం. ఆ కళ్లతో చూస్తే బాయిలర్‌కు పెద్ద మొద్దులు పనికిరావు. మోచేతి పొడవు, బొటనవేలంత లావు పుల్లలు కావాలి. సుబాబుల్ కొమ్మలు, కంది కట్టె, టెంకాయ చిప్పలు బ్రహ్మాండంగా మండుతాయి. చిల్ల (సర్కారు తుమ్మ) కట్టె నిప్పు చాలాసేపు నిలుస్తుంది, కాకపోతే ముళ్లు చూసుకుని నరకాలి. మిరప కట్టె మాత్రం పెట్టకండి, వీధి వీధంతా దగ్గుతుంది. పచ్చి కట్టె పెడితే వేడంతా దానిలోని నీళ్లు ఆవిరి కావడానికే పోతుంది, గొట్టం నిండా జిగురు మసి పడుతుంది. నేను వేసవిలోనే పుల్లలు కొట్టించి పాకలో పేర్చేస్తాను.

ఒకరోజు పొడి కట్టె కాటా వేసి మరీ చూశాను. కిలోన్నర లోపు కట్టెతో అరగంటలో నలభై లీటర్లూ చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. చన్నీళ్లు కలుపుకుంటే నలుగురికి తలా ఒక పెద్ద బకెట్ స్నానం. అదే నీళ్లు కరెంటుతో కాగాలంటే ఒకటీముప్పావు యూనిట్ల దాకా ఖర్చవుతుంది. మాకు కట్టె చేలోంచి వస్తుంది కాబట్టి మిగులు. టౌనులో కట్టె కొని కాల్చేవాళ్లకు అంత మిగలదు, వాళ్లకు చెప్పను.

మామయ్యకు ఇది స్నానం నీళ్లకు మించింది. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి స్టూలు తెచ్చుకుని బాయిలర్‌కు అర గజం దూరంలో కూర్చుంటారు. మోకాళ్ల మీద తువ్వాలు, ఆ తువ్వాలు వేడెక్కాక మడతపెట్టి మోకాళ్లకు అద్దుకుంటారు. పుల్ల పెట్టే పని ఎవరికీ ఇవ్వరు. "కోడలా, నీళ్లు కాగినయ్" అని ఆయన కేకేస్తేనే మా ఇంట్లో తెల్లారినట్టు. స్నానాలు అయ్యాక మిగిలిన నిప్పులు కుంపట్లోకి తీసి బిడ్డకు సాంబ్రాణి వేసేవాళ్లం.

ఆ కుంపటి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చలిగా ఉందని నిప్పుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకోకండి. పొగ లేదు కదా అనుకుంటాం. పొగ లేని నిప్పుల్లోంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మేము సాంబ్రాణి వేసి, తలుపు తీసే ఉంచి, వెంటనే కుంపటి బయట పెట్టేవాళ్లం. బాయిలర్ కూడా అంతే, స్నానాల గదిలో పెట్టకూడదు. మాది దొడ్లో రేకుల పంచ కింద ఉంది, మూడు వైపులా గాలి.

దీనికీ లోపాలున్నాయి. మా వైపు బోరు నీళ్లు ఉప్పు. ఏడాది తిరిగేసరికి లోపల తెల్లగా సున్నపు పెచ్చు కట్టింది, నీళ్లు కాగడానికి ముందుకంటే ఎక్కువసేపు పట్టింది. చింతపండు పిసికిన నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, పొద్దున సన్న మంట పెట్టి పారబోస్తే చాలావరకు ఊడింది. రెండుసార్లు చేయాల్సి వచ్చింది. ఈ నీళ్లు తాగడానికి, వంటకు వాడం. కనిగిరి, పొదిలి వైపు చుట్టాలు కాచిన నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు, పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

వావిలాకు, వేపాకు లాంటివి బాయిలర్‌లో వేయడానికి లేదు, గొట్టానికి అడ్డం పడతాయి. వాటికి విడిగా గిన్నె పెట్టుకోవాల్సిందే. రాగి ఒళ్లంతా కాలుతుంది, కాబట్టి పిల్లలు తిరిగే ఇంట్లో చుట్టూ నడుమెత్తు ఇటుక గోడ కట్టించాలి. మా మనవరాలికి నడక వచ్చే ముందే కట్టించాం, మేస్త్రీకి ఒకపూట పని. పదిహేను రోజులకోసారి మంట గొట్టంలో మసి దులపాలి, కర్రకు పాత గోనెగుడ్డ చుట్టి నేనే చేస్తాను. బూడిద తట్ట నిండితే కింద గాలి ఆడక పొగ కమ్మేస్తుంది, రోజూ తీయాలి. ఆ బూడిద అరటి పాదులకు వేస్తున్నాను.

కొమ్ముకు గుడ్డ కుక్కడం, బిరడా పెట్టడం చేయొద్దు. ఆవిరి పోయే దారి అదొక్కటే.

కొనడానికి వెళ్లేవాళ్లు ఒక చెంబు వెంట తీసుకెళ్లండి. కొట్లోనే బాయిలర్ నింపమని అడిగి, గరాటులో ఒక చెంబు పోసి కొమ్ములోంచి ఒక చెంబు వస్తుందో లేదో చూడండి. గరాటు గొట్టం అడుగు దాకా దిగిందో లేదో పుల్ల పెట్టి కొలవండి, సగంలో ఆగిపోతే చన్నీళ్లు వేడినీళ్లు కలిసిపోయి గోరువెచ్చగా వస్తాయి. అతుకులు టంకమా ఇత్తడా అని అడిగి, తూకం బిల్లు మీద రాయించుకోండి. నింపిన బాయిలర్‌ను ఒక గంట అలాగే ఉంచమని, ఈలోపు బజారు పని చూసుకుని వచ్చి అడుగున తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి. మేము రెండోసారి అలాగే చేసి తెచ్చుకున్నాం.