కాన్యన్‌లో కాలిబాట రిపేరుకి వలంటీరుగా వెళ్లాలంటే ఏది మేలు: ఒక్కరోజు పనా, వారం క్యాంపా, బరువెత్తుకుని లోయలోకా?

అమెరికాలో ఉండే మనవాళ్లలో చాలామంది గ్రాండ్ కాన్యన్ చూసే ఉంటారు. కొందరు బ్రైట్ ఏంజెల్ బాటలో కొంతదూరం దిగి కూడా ఉంటారు. అంత ఎడారిలో బాట పాడవడమేంటి అనిపిస్తుంది కానీ, అక్కడ జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చే వానలు మన ముసురులా పడవు, కాసేపట్లో కుమ్మరించి పోతాయి, మట్టిని పట్టి ఉంచడానికి చెట్టూచేమా పెద్దగా ఉండవు కాబట్టి నీళ్లు ఏ దారి దొరికితే ఆ దారి పట్టుకుంటాయి, చాలాసార్లు అది మనం నడిచే బాటే అవుతుంది. బాటకి గండి పడితే జనం పక్కనుంచి నడుస్తారు. యూటాలో, ఉత్తర అరిజోనాలో ఆ పక్కన నల్లగా, గరుకుగా ఒక పొర కనిపిస్తుంది. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, నాచు, నాచులాగే నేలకి అంటుకుని పెరిగే లైకెన్లు కలిసి ఇసుకని పట్టి ఉంచే ప్రాణమున్న పొర అది. బూటు కింద పొడైపోతుంది, మళ్లీ రావడానికి చాలాచోట్ల దశాబ్దాలు పడుతుంది. అందుకే ఈ పని అంటే నాకు అంత ఇష్టం. బాట బాగుంటే జనం బాటలోనే నడుస్తారు, చుట్టూ నేల బతుకుతుంది.

వెళ్లడానికి మూడు రకాలున్నాయి. ఎవరైనా అడిగినప్పుడు నేను ఒక్కటే చూస్తాను: మనం వెళ్లినందువల్ల ఆ బాటకి ఎంత పని జరిగింది?

ముందు ఒక్కరోజు పని. ఫీనిక్స్, టూసాన్ వైపు ఉండేవాళ్లకి అరిజోనా ట్రైల్ ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి యూటా సరిహద్దు దాకా సుమారు 800 మైళ్లు, మధ్యలో గ్రాండ్ కాన్యన్‌లోకి దిగి అవతలి గట్టుకి ఎక్కుతుంది. 2009లో దీన్ని జాతీయ సీనిక్ ట్రైల్‌గా, అంటే దేశంలోని అందమైన పెద్ద కాలిబాటల్లో ఒకటిగా గుర్తించారు. బాటని చిన్న చిన్న ముక్కలుగా పంచి, ఒక్కో ముక్క బాగోగులు కొందరు వలంటీర్లకి అప్పగించారు, వాళ్లు అప్పుడప్పుడూ పని రోజులు పెడతారు. వాటిలో చేరడం తేలిక. కానీ పొద్దున వెళ్లి, పనిముట్లు తీసుకుని, జాగ్రత్తలు విని, పని చోటికి నడిచేసరికి సగం పూట అయిపోతుంది, చెయ్యి కాస్త అలవాటు పడేలోపు తిరుగు ప్రయాణం. ఒక్కసారి వెళ్లి వదిలేస్తే బాటకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. అదే ముక్కకి ప్రతి సీజన్లో వెళ్తే మాత్రం లెక్క మారిపోతుంది, ఎందుకంటే నీళ్లు బాట మీంచి పక్కకి పోయేలా పోయినసారి మీరు తీసిన కాలువ ఈ వానకి నిలిచిందా, మట్టితో పూడిపోయిందా అన్నది మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

రెండోది వారం క్యాంపు, కారు వెళ్లగలిగే చోట. అమెరికన్ హైకింగ్ సొసైటీ, 1997లో మొదలైన వైల్డర్‌నెస్ వలంటీర్స్ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు ఇలాంటి వారాలు నడుపుతాయి. సాధారణంగా పది పన్నెండు మంది గుంపు, నడిపించేవాళ్లు ఉంటారు, కట్టాల్సింది కొన్ని వందల డాలర్లు. “డబ్బు కట్టి మరీ మట్టిపని చెయ్యడమేంట్రా?” అని మా అన్నయ్య అడిగాడు. ఆ డబ్బు తిండికి, వంట సామానుకి, ఏర్పాట్లకి పోతుంది అన్నయ్యా, పార్కు వాళ్లు పనిముట్లు ఇస్తారు, మనం చెమట ఇస్తాం అని చెప్పాను.

నా ఓటు దీనికే, ముఖ్యంగా డాలస్, న్యూజెర్సీ లాంటి దూరాల నుంచి మొదటిసారి వచ్చేవాళ్లకి. ఎందుకో చెప్పాలంటే రాతిమెట్టు ఎలా పెడతారో చెప్పాలి. రాయిని బాట పక్కనే తవ్వి తీయరు, తీస్తే అక్కడ కొత్త గాయం పడుతుంది. కంటికి కనపడనంత దూరం నుంచి ఇద్దరో నలుగురో వల లాంటి దానిలో వేసి మోసుకొస్తారు. గుంట తవ్వి, గడ్డపారతో రాయిని మెల్లగా జరిపి దించుతారు. దించాక దానిమీద రెండు కాళ్లతో నిలబడి మడమల మీదికి, వేళ్ల మీదికి ఊగి చూడాలి. కొంచెం కదిలినా తీసేసి గుంట సరిచేసి మళ్లీ పెట్టాల్సిందే. చిన్నరాళ్లు పగలగొట్టి వెనక గట్టిగా కూరాలి, సిమెంటు ఉండదు, బరువే పట్టుకుని ఉండాలి. ఇలా రోజంతా చేస్తే ఒక జట్టుకి పూర్తయ్యేవి కొద్ది మెట్లే. మొదటి రోజు మీ రాయి ఊగుతూనే ఉంటుంది, రెండో రోజుకి ఏ రాయి కూర్చుంటుందో చూపుతోనే అర్థం కావడం మొదలవుతుంది, మూడో రోజు నుంచే మీ వల్ల నిజంగా పని జరుగుతుంది. ఒక్కరోజు పనిలో ఆ మూడో రోజు రాదు. పైగా రాత్రి క్యాంపులో వేడి అన్నం, కడుపునిండా నీళ్లు, కాస్త మంచి నిద్ర, ఒంట్లో ఓపికంతా పనికే పోతుంది.

మూడోది గుడారం, తిండి, నీళ్లు వీపున వేసుకుని లోయలోకి దిగి అక్కడే ఉండి చేసే పని. దక్షిణ యూటాలోని ఎస్కలాంటే వైపు లోయల్లో ఇలాంటివి ఉంటాయి, బాట పనే కాకుండా బయటి దేశాల నుంచి వచ్చి నది ఒడ్డుల్ని కమ్మేసిన రష్యన్ ఆలివ్ చెట్లు నరకడం కూడా. అందం విషయంలో దీనికి సాటి లేదు, ఒప్పుకుంటాను. అయితే లీటరు నీళ్లు కిలో బరువు, ఎడారిలో రోజుకి నాలుగు లీటర్లకి తక్కువ కాకుండా కావాలి, లోపల వాగు లేకపోతే ఆ బరువంతా మీదే. అడవుల్ని, ఎడారుల్ని సహజంగా ఉన్నవి ఉన్నట్టే కాపాడే 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కిందికొచ్చే చోట్ల మోటారు రంపం కూడా వాడరు, చేతి రంపమే. అలవాటు లేనివాళ్లు మొదటి రెండు రోజులు ఒళ్లునొప్పులతోనే సరి, వాళ్లని చూసుకోవడానికి ఇంకొకరి పని ఆగుతుంది. కాబట్టి మొదటిసారికి ఇది వద్దు. ఒక వారం క్యాంపు చేసి, బరువుతో కొండ ఎక్కిదిగడం అలవాటయ్యాక తప్పకుండా వెళ్లండి, ఎందుకంటే వలంటీర్లు తక్కువగా చేరేది, పని ఎక్కువగా మిగిలిపోయేది ఆ లోపలి బాటల్లోనే.

ఎప్పుడు వెళ్లాలి అన్నదానికీ ఇదే లెక్క. చలికాలం వెళ్లగానే, మార్చి ఏప్రిల్లో, మట్టిలో కాస్త తడి ఉంటుంది, దిమ్మిస కొడితే గట్టిపడుతుంది. అక్టోబరులో మట్టి పొడిగా ఉండి సరిగ్గా కుదురుకోదు, కానీ వానలు ఎక్కడ కోసేశాయో అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. మట్టి పనికి వసంతం, కాలువలు, రాతి పనికి శరదృతువు అంటాను నేను. జులై, ఆగస్టు మాత్రం వద్దే వద్దు. లోయలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఎక్కడో మైళ్ల దూరంలో పడిన వాన మీ నెత్తిన నీలాకాశం ఉండగానే ఇరుకు లోయలోకి వరదై వస్తుంది. 1997 ఆగస్టులో ఉత్తర అరిజోనాలోని యాంటెలోప్ కాన్యన్‌ అనే ఇరుకు లోయలో 11 మంది అలాగే చనిపోయారు. జూన్ మొదటి శనివారం నేషనల్ ట్రైల్స్ డే అని దేశమంతా పని పెడతారు, పిల్లల్ని కూడా తీసుకెళ్లాలనుకుంటే ఆ రోజు ఫీనిక్స్ చుట్టుపక్కల కాకుండా చల్లగా ఉండే ఫ్లాగ్‌స్టాఫ్ వైపు చూసుకోండి.

తిండి గురించి టెన్షన్ అక్కర్లేదు, శాకాహారులని ముందే రాస్తే సాధారణంగా ఏర్పాటు చేస్తారు. కానీ ఉప్పగా ఉండేవి, జంతికలో కారప్పూసో, మీ సంచిలో పెట్టుకోండి. ఆ పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. బూట్లు కొత్తవి వద్దు, నెల ముందు నుంచీ వేసుకుని నడిచినవే వేసుకోండి. తోలు గ్లౌజులు రెండు జతలు, రాతి పనికి ఒక జత వారం ఆగదు. వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు కట్టకముందే మీ స్టేటస్ చెప్పి, చేరవచ్చో లేదో సంస్థవాళ్లనే అడిగి మెయిల్లో జవాబు తెప్పించుకోండి.