ముందే కోట్ చేసిన ఎలీస్పాట్ కిట్: డబ్బులు పెట్టొచ్చా?

హ్యూమన్ ఇంటర్‌ఫెరాన్ గామా ఎలీస్పాట్ కిట్, ప్రీకోటెడ్ ప్లేట్, ఏఎల్‌పీ రకం, మా ల్యాబ్‌లో ఇప్పుడు ఇదే నడుస్తోంది. ఎలీస్పాట్ అంటే ఒక సైటోకైన్‌ని (రోగనిరోధక సెల్స్ వదిలే సంకేత ప్రోటీన్, ఇక్కడ ఇంటర్‌ఫెరాన్ గామా) ఎన్ని సెల్స్ వదులుతున్నాయో చుక్కలుగా లెక్కపెట్టే టెస్ట్, ప్రీకోటెడ్ అంటే దాన్ని పట్టే యాంటీబాడీ ప్లేట్‌కి ముందే పూసి ఇస్తారు, ఏఎల్‌పీ అంటే రంగు తెప్పించే ఎంజైమ్. కంపెనీ పేరు రాయట్లేదు, కింద డెలివరీ గురించి కాస్త తిట్టేది ఉంది, పైగా నేను చెప్పేవి చాలావరకు ఏ ప్రీకోటెడ్ కిట్‌కైనా సరిపోతాయి. తొందర్లో ఉన్నోళ్లకి ముందే చెప్పేస్తా, నెలకి ఒకటీ అరా ప్లేట్లు చేసే ల్యాబ్ అయితే కళ్లు మూసుకుని కొనేయండి, పెద్ద వ్యాక్సిన్ స్టడీ ఉండి డజన్లకొద్దీ ప్లేట్లు పడేట్టయితే మాత్రం యాంటీబాడీ పెయిర్ (పట్టేది ఒకటి, చూపించేది ఒకటి), ఖాళీ ప్లేట్లు విడిగా తెచ్చుకుని మీరే కోట్ చేసుకోండి, ఖర్చు బాగా తగ్గుద్ది.

కొత్తగా చేరిన పిల్లలు ఎలైసా ఉండగా ఇదెందుకు అని అడుగుతుంటారు. ఎలైసాలో సైటోకైన్ మొత్తం ఎంతుందో తెలుస్తుంది, అంతే. అది వెయ్యి సెల్స్ తలా కొంచెం వదిలాయా, పది సెల్సే కుమ్మేశాయా అన్నది చెప్పదు. ఎలీస్పాట్‌లో వెల్ (ప్లేట్‌లోని చిన్న గుంట) అడుగున పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ మెంబ్రేన్ మీద క్యాప్చర్ యాంటీబాడీ ఉంటుంది, సెల్ వదిలిన ఇంటర్‌ఫెరాన్ అక్కడికక్కడే దొరికిపోతుంది, ఆ తర్వాత సెల్స్ కడిగేసి బయోటిన్ ఉన్న డిటెక్షన్ యాంటీబాడీ, దాని మీద బయోటిన్‌కి అతుక్కునే స్ట్రెప్టావిడిన్ ఏఎల్‌పీ, ఆఖర్న రంగు తేల్చే సబ్‌స్ట్రేట్ బీసీఐపీ/ఎన్‌బీటీ వేస్తే ఒక్కో సెల్ కూర్చున్న చోట ఒక్కో ఊదా చుక్క. 1983లో ఈ పద్ధతి వచ్చినప్పుడు లెక్కపెట్టింది యాంటీబాడీ వదిలే సెల్స్‌ని, సైటోకైన్ల దాకా తర్వాత వచ్చింది.

ప్రీకోటెడ్‌లో మనం డబ్బులిచ్చేది అసలు దేనికి అంటే ఆల్కహాల్ స్టెప్ తప్పినందుకు. పీవీడీఎఫ్ నీళ్లని దగ్గరికి రానివ్వదు కాబట్టి సొంతంగా కోట్ చేసేటప్పుడు ముందు 35 శాతం ఇథనాల్ వెల్‌కి 15 మైక్రోలీటర్లు వేసి, నిమిషం దాటకుండా, స్టెరైల్ నీళ్లతో ఐదుసార్లు కడగాలి. కొంచెం ఎక్కువసేపు ఉంచితే మెంబ్రేన్ లీకవుద్ది, సరిగా కడక్కపోతే కోటింగ్ పట్టదు, ఆ తర్వాత యాంటీబాడీ వేసి రాత్రంతా 4 డిగ్రీల్లో పెట్టాలి. 96 వెల్స్‌కీ ఇది ఒకేలా చేయడం చెయ్యి తిరిగినోళ్లకే వస్తుంది. ఈ కిట్‌లో అయితే పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) నాలుగు వాష్‌లు, సీరం కలిపిన మీడియాతో అరగంట బ్లాకింగ్, సెల్స్ వేసేయడమే. వెల్‌కీ వెల్‌కీ తేడా కూడా బాగా తక్కువ, ట్రిప్లికేట్లు (ఒకే శాంపిల్ వేసిన మూడు వెల్స్) చూస్తే ప్రాణం లేచొస్తుంది.

కానీ కిట్ బాగుంటే డేటా బాగుంటుందని అనుకోవద్దు. గోల అంతా సెల్స్ దగ్గరే. వెల్‌కి 2 లక్షల నుంచి రెండున్నర లక్షల పీబీఎంసీ (రక్తం నుంచి వేరుచేసిన తెల్ల సెల్స్) వేస్తాం, ఫ్రీజ్ చేసిన సెల్స్ అయితే కరిగించిన వెంటనే వేసేయకుండా కొన్ని గంటలు, కుదిరితే రాత్రంతా రెస్ట్ ఇచ్చి, చచ్చినవి పోయాక మళ్లీ కౌంట్ చేసుకుని వేయాలి. ఈ ముక్క కిట్‌తో వచ్చిన కాగితంలో ఏదో మూలన ఒక లైన్‌లో ఉంది, నన్నడిగితే మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉండాలి. సీరం కూడా అంతే, ఒక లాట్ బాగుంటుంది, ఇంకో లాట్‌తో ఏ పెప్టైడూ (సెల్స్‌ని రెచ్చగొట్టే ప్రోటీన్ ముక్క) వేయని వెల్‌లో కూడా చుక్కలే చుక్కలు, అందుకని లాట్ టెస్ట్ చేయకుండా కొనొద్దు.

ఇంక్యుబేటర్‌లో పెట్టాక ఆ తలుపు జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. ప్లేట్ కదిలితే సెల్ జరుగుద్ది, గుండ్రటి చుక్క రావాల్సిన చోట తోకచుక్క వస్తుంది, ఒకదాని మీద ఒకటి పేర్చినా వేడి సమంగా అందదు. నలుగురు వాడుకునే ఇంక్యుబేటర్ అయితే తలుపు మీద కాగితం అంటించండి, అయినా తీస్తారనుకోండి అది వేరే విషయం.

పాజిటివ్ కంట్రోల్‌కి యాంటీ సీడీ3 (టీ సెల్స్‌ని మూకుమ్మడిగా రెచ్చగొట్టే యాంటీబాడీ) కిట్‌లోనే ఇచ్చారు, అది ప్లస్. మామూలు సంఖ్యలో సెల్స్ వేస్తే ఆ వెల్ మొత్తం ఊదా రంగే, లెక్కపెట్టడానికేం మిగలదు, కాబట్టి అక్కడ సెల్స్ బాగా తగ్గించి వేసుకోండి. వాష్‌కి ట్వీన్ (డిటర్జెంట్) వాడొద్దని రాశారు, పాటించండి. సబ్‌స్ట్రేట్‌ని ఫిల్టర్ చేసి వేయండి, లేకపోతే గసి కూడా చుక్కలాగే కనిపిస్తుంది. చుక్కలు తేలాక కుళాయి నీళ్లతో ఆపేసి, అడుగున ప్లాస్టిక్ ఊడదీసి మెంబ్రేన్ రెండోవైపు కూడా కడిగి, చీకట్లో పూర్తిగా ఆరాకే చూడండి. తడి మీద చూస్తే వెనకంతా నల్లగా కనిపించి ప్లేట్ పోయిందని కంగారు పుడుతుంది.

రీడర్ మెషిన్ లేదని ఆగిపోనక్కర్లేదు, చుక్కలు తక్కువుంటే స్టీరియో మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టుకోవచ్చు, కాకపోతే ఎవరి ప్లేట్ అన్నది లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. ఆస్పత్రుల్లో టీబీ ఇన్ఫెక్షన్‌కి చేసే టీ-స్పాట్ టీబీ టెస్ట్ కూడా ఇదే టెక్నిక్, టీబీ క్రిమివైన ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 యాంటిజెన్లు పెడతారు, అవి బీసీజీ టీకాలో ఉండవు కాబట్టి పుట్టగానే బీసీజీ వేసే మన దేశంలో మాంటూ చర్మ పరీక్షకి ఉన్న తలనొప్పి, అంటే బీసీజీ వల్లే పాజిటివ్ రావడం, దీనికి లేదు. అమెరికాలో దానికి యాంటిజెన్ వేయని వెల్ చుక్కలు తీసేశాక 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ మిగిలితే పాజిటివే, 5 నుంచి 7 అయితే బోర్డర్‌లైన్. చుక్క ఒకటి అటూ ఇటూ అయితే రిపోర్టే మారిపోతుందన్నమాట.

ఫ్లోరోస్పాట్ (ఇదే టెస్ట్, రంగు బదులు ఫ్లోరోసెన్స్‌తో) తీసుకోమని సేల్స్ వాళ్లు వెంటపడతారు. ఒకే సెల్ రెండు మూడు సైటోకైన్లు వదులుతోందా అన్నది మీ ప్రశ్న అయితేనే దానికి వెళ్లండి, ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే చాలనుకుంటే అది దండగ, రీడర్ కూడా ఫ్లోరోసెన్స్‌ది కావాలి మళ్లీ.

ఇక డెలివరీ. మే నెలలో హైదరాబాద్ ఎండకి జెల్ ప్యాకులు నీళ్లైపోయి డబ్బా గోరువెచ్చగా వచ్చింది, డీలర్‌కి ఫోన్ చేస్తే ఏం కాదు సార్ వాడుకోండి అన్నాడు. వాడలేదు, ఫొటోలు తీసి మెయిల్ పెడితే మార్చారు కానీ అందుకు బాగా తిప్పించారు. శుక్రవారం బయల్దేరే షిప్‌మెంట్ ఒప్పుకోకండి, డబ్బాలో టెంపరేచర్ ఇండికేటర్ పెట్టమని ఆర్డర్‌లోనే రాయించండి. కిట్‌కి నాలుగున్నర స్టార్లు, డీలర్‌కి ఒకటి, అదీ మార్చినందుకు.